రెండు కొట్టాల్లో ఒకే ఆవు

లిండ్‌బెక్ పాల సంఘంలో లెక్కల పుస్తకాన్ని ముందు నుంచి చదివినవాళ్ళు ఇంతవరకూ లేరు. అధ్యక్షురాలు బోదిల్ హెస్‌బెక్‌ది కూడా అదే అలవాటు. ఆడిటర్లు ఫిబ్రవరిలో చిత్తుప్రతి తెస్తారు. దాన్ని అధ్యక్షుల వంటింటి బల్ల మీద పెట్టుకుని చదవడం మా వైపు ఆనవాయితీ. బోదిల్ తిన్నగా బ్యాలెన్స్ షీట్ దగ్గరికి వెళ్ళి, కుడివైపు పేజీలో ఒకే ఒక్క గడి చూస్తుంది. అందులో ‘సభ్యుల సొంత నిధి’ అని ఉంటుంది. పోయిన ఏడు అది నాలుగు కోట్ల డెబ్బై లక్షల క్రోనర్లు. ఆ అంకె కిందటేటి కంటే పెరిగి ఉంటే కాఫీ పోస్తుంది. మిగతా పేజీలు కాఫీతో పాటు తిరగేస్తుంది.

ఈ ఏడు కాఫీ పొయ్యి మీదే ఉండిపోయింది.

“అమ్మాయ్, ఇందులో ఒక పేజీ పోయినట్టుందే” అంది బోదిల్, కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంటూ.

ఎదురుగా కూర్చున్న ఆడిటర్ మారెన్ ఊరి నుంచి పెట్టుకొచ్చిన రొట్టె ముక్క నములుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. పాల సంఘం పని మొట్టమొదటిసారి ఆమె చేతికి వచ్చింది.

“ఏదీ పోలేదండీ. అన్నీ ఉన్నాయి.”

“మరి మా నాలుగు కోట్ల ఎనభై లక్షలు ఏవీ? ఇక్కడ సొంత నిధులంటే మూడు లక్షల పది వేలని రాశావు. మూడు లక్షలకి మా ఐనార్ ట్రాక్టరు చక్రాలు కూడా రావు.”

“వెనక చక్రాలు రెండొస్తాయి” అన్నాడు ఆమె భర్త ఐనార్, కిటికీ దగ్గర బూట్లు విప్పుకుంటూ.

“నువ్వు ఊరుకో.”

మారెన్ చెయ్యి తుడుచుకుని వేలితో చూపించింది. నాలుగు కోట్ల ఎనభై లక్షలు ఎక్కడికీ పోలేదు. అవతలి భాగంలో, బ్యాంకు అప్పుకి సరిగ్గా కింద, ‘సభ్యులకు చెల్లించాల్సినవి’ అన్న పేరుతో కూర్చుని ఉన్నాయి. రెండు వందల పన్నెండు మంది రైతులు తరాలుగా పాలు పోసి కూడబెట్టినది, అప్పుల్లో కలిసిపోయింది.

బోదిల్‌కి ఒళ్ళు మండింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. నూట ఇరవై ఆవుల్ని సాకుతుంది, ఇద్దరు జీతగాళ్ళని దారిలో పెడుతుంది. ఎవరూ ఆమెని ఒక్క మాట అని బయటపడింది లేదు. అలాంటిది ఒక కాగితం ఆమెకి ఆమె డెయిరీలో వాటా లేదని చెబుతోంది.

“ఇది తప్పు” అంది.

“తప్పు కాదండీ. ప్రమాణం.”

ఇదంతా ఎందుకొచ్చిందంటే, పోయిన వేసవిలో సంఘం చీజ్ మాగబెట్టడానికి పెద్ద గిడ్డంగి కట్టింది. దానికి డబ్బు కావలసి బాండ్లు అమ్మింది. బాండ్లు కోపెన్‌హేగన్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యాయి. అక్కడ నమోదైనవాళ్ళు ఊరి పద్ధతిలో లెక్కలు రాసుకుంటే కుదరదు, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రాయాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, సంతకాలు కూడా పెట్టారు. అంకెలు అవే ఉంటాయి, పేర్లు మారతాయి అనుకున్నారు. అంకెలు అవే ఉన్నాయి, పేర్లే మారాయి. కొంప అక్కడే మునిగింది.

ఎందుకంటే బాండ్ల ఒప్పందంలో ఒక షరతు ఉంది. వచ్చే డిసెంబరు ఆఖరుకి సంఘం సొంత నిధులు మొత్తం ఆస్తుల్లో నాలుగో వంతుకి తగ్గకూడదు. ఆస్తులు పదిహేను కోట్లు. నాలుగో వంతంటే మూడు కోట్ల డెబ్బై అయిదు లక్షలు. చేతిలో ఉన్నది మూడు లక్షల పది వేలు. షరతు తప్పితే బాండ్లు కొన్నవాళ్ళు డబ్బు వెంటనే అడగవచ్చు. అడిగితే గిడ్డంగి అమ్మాలి, గిడ్డంగి పోతే డెయిరీ నిలవదు. దక్షిణాన సరిహద్దు అవతలి పెద్ద కంపెనీ ఒకటి, డెయిరీని కొనే ఆశతో, ఇప్పటికే రెండుసార్లు కేకు పట్టుకుని పలకరించడానికి వచ్చింది.

“అయితే నేర్పు” అంది బోదిల్, పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పి. “ఈసారి ముందు నుంచే చదువుతా. తప్పెక్కడుందో నేనే పట్టుకుంటా.”

మారెన్ ముఖం వెలిగింది. పాపం, ఆ పిల్లని ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు.

రెండు మధ్యాహ్నాలు కూర్చున్నారు. మారెన్ కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చేతికిచ్చింది.

“ఇది స్థితి చెప్పే కాగితం. ఒక్క రోజుది. డిసెంబరు ముప్పై ఒకటిన సంఘం దగ్గర ఏముంది, ఎవరికి ఏం ఇవ్వాలి, ఇచ్చేశాక ఏం మిగులుతుంది, అంతే. ఇది ఏడాది మొత్తానిది. ఏం వచ్చింది, ఏం ఖర్చయింది, లాభమెంత. చేతికి రాకపోయినా విలువ పెరిగినవీ తగ్గినవీ దీని అడుగున వస్తాయి. ఇది సొంత నిధులు ఏడాదిలో ఎలా మారాయో చెప్పేది. ఇది ఒట్టి నగదుది. పెట్టెలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది.”

“ఆ లావుపాటిది?”

“అవి వివరణలండీ. నోట్స్. నలభై రెండు పేజీలు. ముందున్న నాలుగు కాగితాల్లో చెప్పలేనివన్నీ అందులో చెప్పాలి.”

“మా అత్తగారి ఉత్తరాలు ఇలాగే ఉండేవి” అంది బోదిల్. “ముందు ‘అందరం క్షేమం’ అని ఒక్క లైను రాసేది. తర్వాత పది పేజీలు.”

తప్పు పట్టుకుందామని కూర్చున్నది కాస్తా, చదివే కొద్దీ ఆమెకి పుస్తకం మీద గౌరవం కలిగింది. ఒక కాగితంలోని లాభం ఇంకో కాగితంలో మొదలవుతుంది. నగదు కాగితం అడుగున ఉన్న అంకె స్థితి కాగితంలో మళ్ళీ కనపడుతుంది. ఏదీ గాలిలో వేలాడదు. రెండో కాగితంలో ‘వడ్డీ ఖర్చు’ దగ్గర మాత్రం ఆగిపోయింది.

“ఇదేంటి? బ్యాంకు వడ్డీ ఇంత లేదే.”

“అందులో తొమ్మిది లక్షలు మీరు మార్చిలో సభ్యులకి వాటాల మీద ఇచ్చినవండీ. వాటా అప్పయినప్పుడు దాని మీద ఇచ్చేది వడ్డీ అవుతుంది కదా.”

ఐనార్ కొట్టంలోంచి అప్పుడే లోపలికి వచ్చాడు. “అంటే ఇన్నేళ్ళూ నేను వడ్డీవ్యాపారం చేశానా? మా అమ్మకి తెలిస్తే ఏమనుకునేదో.”

బోదిల్‌కి నవ్వు రాలేదు. “అసలు మాది మాకు అప్పెలా అయింది? అది చెప్పు ముందు.”

మారెన్ సంఘం నియమావళి తీసి పద్నాలుగో నిబంధన చదివింది. పాలు పోయడం మానేసిన సభ్యుడు ఆరు నెలల ముందు ఉత్తరం రాసి తన వాటా అడగవచ్చు. సంఘం చెల్లించి తీరాలి.

“ప్రమాణం పేరు చూడదండీ, హక్కు చూస్తుంది. దాన్ని మీరు వాటా అనండి, నిధి అనండి, అడిగే హక్కు వాళ్ళకుంది. ఇవ్వం అనే హక్కు మీకుందా?”

“ఎందుకు అంటాం? ఇంతవరకూ ఎవరికీ ఇవ్వకుండా లేం.”

“అదేనండీ. ఇవ్వం అనలేనిది అప్పే.”

బోదిల్ నిబంధన తన వైపు లాక్కుని మళ్ళీ చదివింది. తప్పు పట్టుకుంటానంది కదా, పట్టుకుంది. తప్పు ఆడిటర్ కాగితంలో లేదు. ఆమె ఏడేళ్ళుగా కుడి పేజీలో చూసి మురిసిపోయిన గడిలో ఉంది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, ఒప్పుకోక తప్పలేదు.

“అయితే నిబంధన మార్చాలి. ఎవరడిగినా సరే, ఇవ్వం అనే హక్కు సంఘానికి ఉండాలి.”

“మహాసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి” అంది మారెన్.

“ఒప్పుకుంటారు” అంది బోదిల్. ఆ మాట అంటూనే ఆమెకి బావగారు గుర్తొచ్చాడు. పద్నాలుగో నిబంధన రాసిందే ఆయన.

తోర్వల్ హెస్‌బెక్ ఐనార్‌కి అన్న. డెబ్బై నాలుగేళ్ళు. బోదిల్ కంటే ముందు పందొమ్మిదేళ్ళు ఆయనే సంఘానికి అధ్యక్షుడు. రోడ్డుకి అవతల ఇల్లు, యాభై ఆవులు, ఒక్కడే ఉంటాడు. కూతురు ఓల్బోర్‌లో పళ్ళ డాక్టరు. ఆవుల పళ్ళు తప్ప అందరి పళ్ళూ చూస్తుందని ఆయనే అంటుంటాడు. మహాసభలో తోర్వల్ చెయ్యెత్తితే సగం హాలు చెయ్యెత్తుతుంది. చెయ్యి కట్టుకుంటే ఆ సగమూ చెయ్యి కట్టుకుంటుంది.

మర్నాడు పొద్దున పాలు పితకడం అయ్యాక బోదిల్ రోడ్డు దాటి వెళ్ళింది. తోర్వల్ వంటింట్లో కాలు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తుంటి మళ్ళీ నొప్పిగా ఉన్నట్టుంది. రై రొట్టె మీద లివర్ పేస్ట్ రాసి ఆమె ముందుకి తోశాడు. ఆమె తింటూనే విషయం చెప్పింది. ఆయన చివరిదాకా విని, అడ్డంగా తల ఊపాడు.

“కుదరదు.”

“మీరు కాగితం చూడండి బావగారూ...”

“కాగితం కాదమ్మాయ్. క్రెస్టెన్ పెళ్ళాం నీకు గుర్తుందా? లేదు, నువ్వప్పటికి కమిటీలో లేవు. క్రెస్టెన్ గుండాగి పోతే ఆవిడ వాటా అడిగింది. అప్పటి కమిటీ రేపు మాపు అని తొమ్మిదేళ్ళు తిప్పింది. తొమ్మిదేళ్ళు! కోటు చేతిమీద వేసుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడేది. నేను అధ్యక్షుణ్ణయిన మొదటి ఏడే ఆ నిబంధన రాశాను. ఇక్కడ ఎవడి డబ్బూ ఎవడి దయ మీదా ఉండకూడదని. ఇప్పుడు నా తమ్ముడి పెళ్ళామే వచ్చి దాన్ని కొట్టెయ్యమంటోంది.”

“నేనెవర్నీ తిప్పను.”

“నువ్వు తిప్పవు. నీ తర్వాత వచ్చేవాడు?”

తోర్వల్ సొరుగు లాగి రెండు వస్తువులు బల్ల మీద పెట్టాడు. ఒకటి మడత పెట్టిన కాగితం. ఇంకొకటి అట్ట నలిగిన నోటు పుస్తకం. మా వైపు ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఉంటుంది. ఎడమవైపు ఉన్నవి, కుడివైపు ఇవ్వాల్సినవి.

“ఈ ఏడే ఆవుల్ని అమ్మేస్తున్నా. ఈ కాలుతో ఇంకో శీతాకాలం పితకలేను. అది ఉత్తరం. సంఘానికి. సభకి ముందు ఇస్తే పాత నిబంధన ప్రకారం నా డబ్బు నాకొస్తుంది. అవునా?”

“అవును” అంది బోదిల్. మాజీ అధ్యక్షుడు ఉత్తరం ఇచ్చాడని తెలిస్తే సాయంత్రానికి ఇంకో యాభై ఉత్తరాలు వస్తాయి. అప్పుడు సభ పెట్టుకున్నా లాభం ఉండదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

“నా మీద కోపమొద్దు” అన్నాడు తోర్వల్ మెత్తగా. “ఇది చూడు.”

పుస్తకం ఆమె వైపు తిప్పాడు. ఎడమవైపు వరసగా రాసి ఉంది. ఇల్లు, పొలం, ఆవులు. వాటి కింద ‘డెయిరీలో వాటా, నాలుగు లక్షల పన్నెండు వేలు’. దాని పక్కన చిన్న అక్షరాలతో ‘తుంటి ఆపరేషన్ తర్వాత పట్నంలో మెట్లు లేని ఇల్లు’ అని ఉంది. బోదిల్ ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. తన ఇంటి పుస్తకంలోనూ ఇలాంటి గడే ఉంది. మూడు లక్షల తొంభై వేలు. ఐనార్ పక్కన ‘ముసలితనానికి’ అని రాశాడు.

ఆమెకి ఒక్కసారిగా వెలిగింది. “బావగారూ, ఒక ఆవుని మీ కొట్టంలోనూ మా కొట్టంలోనూ కట్టేస్తే మొత్తం ఎన్ని ఆవులు?”

“పొద్దున్నే తాగావా ఏంటి?”

“చెప్పండి.”

“ఒకటి.”

“మనం రెండు రాసుకున్నాం. మీ పుస్తకంలో ఈ డబ్బు మీది. సంఘం పుస్తకంలో అదే డబ్బు సంఘానిది. మీరు రేపు తీసుకుపోయేదీ ఇదే, మనం చూపించి బాండ్లు అమ్మిందీ ఇదే. రెండు వందల పన్నెండు ఇళ్ళలో ఇదే లెక్క. ఆ పిల్ల వచ్చి ఆవులు లెక్కపెట్టింది, అంతే.”

తోర్వల్ ఉత్తరం తీసి మళ్ళీ సొరుగులో పెట్టాడు. మనసు మారి కాదు. బల్ల మీద రొట్టె తుంపులున్నాయి, కాగితం పాడవుతుందని.

బోదిల్ ఇంటికి వస్తూ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. పాల ట్యాంకరు వచ్చి హారన్ కొట్టేదాకా కదల్లేదు. బావగారి మెట్లు లేని ఇల్లు న్యాయమే. సంఘం గిడ్డంగీ న్యాయమే. అయితే ఆవు మొత్తం ఒకే కొట్టంలో ఎందుకుండాలి? ఇక్కడ ఉన్నది ఒక ఆవు కాదు, మంద. ఆ ఆలోచన రాగానే, ఇంట్లోకి వెళ్ళి బూట్లు కూడా విప్పకుండా మారెన్‌కి ఫోను చేసింది.

“అమ్మాయ్, మొత్తం డబ్బుకి ఇవ్వం అనే హక్కు ఉండాలా? కొంత భాగానికి ఉంటే ఆ కొంతే మాదవుతుందా?”

అవతల మారెన్ కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు వినపడింది.

“బోదిల్‌గారూ, మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అవుతుందా, కాదా?”

“అవుతుందండీ! సరిగ్గా సహకార సంఘాల కోసమే ప్రమాణాల్లో ఒక వివరణ ఉంది. ఇంతకంటే కిందికి పోకూడదని నియమావళిలో ఒక హద్దు పెడితే, ఆ హద్దు వరకూ సొంత నిధులు. పైది అప్పు. హద్దు మాత్రం గట్టిగా ఉండాలి. ఎవరి కోసమూ దాటకూడదు.”

“నాలుగు కోట్లు పెడితే?”

“మీ మూడు లక్షల పది వేలు కలిపితే నాలుగు కోట్ల మూడు లక్షల పది వేలు. కావాల్సింది మూడు కోట్ల డెబ్బై అయిదు.” మారెన్ గొంతులో నవ్వు వినపడింది. “పైన ఎనభై లక్షలు అడిగినవాళ్ళకి ఇవ్వడానికి ఉంటాయి. కొత్త సభ్యులు చేరే కొద్దీ ఇంకొంచెం పెరుగుతాయి. కానీ ఒకటండీ. ఈ ఏడాది కాగితం ఇలాగే ఉంటుంది. డిసెంబరు ముప్పై ఒకటిన ఉన్న నిబంధన ప్రకారమే రాయాలి. మార్చి సభలో మార్చేది, సంవత్సరం ముగిశాక జరిగిన సంగతిగా ఒక నోట్‌లో వస్తుంది.”

“నోట్‌లో వస్తే చాలు. నలభై రెండు పేజీలూ చదివేది నేనొక్కదాన్నే కదా.”

సాయంత్రం మళ్ళీ రోడ్డు దాటింది. తోర్వల్ అంతా విని గడ్డం గీరుకున్నాడు.

“ఎనభై లక్షలు అయిపోతే?”

“వరసలో నిలబడాలి. ఉత్తరం తేదీని బట్టి. అధ్యక్షురాలైనా సరే.”

“క్రెస్టెన్ పెళ్ళాం?”

బోదిల్ తడబడింది. ఆమెకి ఆవిడ గుర్తు రాలేదు, అదీ నిజం. “మీరు చెప్పండి. ఏం చేద్దాం?”

“చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు వరసలో అందరికంటే ముందుండాలి. అది రాస్తే సభకి పెట్టు. నేను ఎటు ఓటేస్తానో మాత్రం అడగొద్దు.”

ఆమె అడగలేదు. వరసలో ముందు ఎవరుండాలన్నది మీ ఇష్టం, హద్దు ముట్టుకోనంత వరకూ చాలని మారెన్ చెప్పింది. నిబంధన రాసి అందరికీ పంపారు. ఆ తర్వాత మూడు వారాలు బోదిల్ ప్రతి పొద్దునా సంఘం ఆఫీసులో ఉత్తరాల పెట్టె తనే తీసింది. కరెంటు బిల్లులు వచ్చాయి, విత్తనాల కంపెనీ క్యాలెండరు వచ్చింది. తోర్వల్ ఉత్తరం రాలేదు. ఆఖరి ఉత్తరం సభ తలుపు దగ్గర కూడా ఇవ్వవచ్చు. కాబట్టి ఆమెకి మార్చి పద్నాలుగు దాకా తిన్నది ఒంటబట్టలేదు.

సభ స్కూలు పక్కన ఆటల హాల్లో జరిగింది. నూట ఎనభై ఏడు మంది వచ్చారు. అంతమంది రావడం చీజ్ ధర పడిపోయిన ఏడు తర్వాత ఇదే. పద్ధతి ప్రకారం ముందు అందరూ నిలబడి పాట పాడారు. మా వైపు తిట్టుకోబోయే ముందు తప్పకుండా కలిసి పాడతాం. తోర్వల్ మూడో వరసలో, నడవ పక్కన, కాలు చాపుకుని కూర్చున్నాడు. కోటు జేబులోంచి తెల్ల కవరు అంచు కనపడుతోంది. బోదిల్ పాటలో రెండో చరణం మర్చిపోయింది.

పుస్తకం తెరవగానే హాలు గోలెత్తింది. వెనక నుంచి పందుల వ్యాపారం కూడా చేసే గుండెర్ లేచాడు.

“అధ్యక్షురాలా, మాదంతా అప్పుల్లో రాశారు. మేం యజమానులమా, అప్పిచ్చినవాళ్ళమా? అమ్మేసుకుంటే పోలా?”

“కూర్చో గుండెర్. ముందు నీకు చదవడం నేర్పుతా. నాకూ ఈ మధ్యే వచ్చింది” అంది బోదిల్.

నవ్వులు వినపడ్డాయి. ఆమె నాలుగు కాగితాలూ వరసగా తెర మీద చూపించింది. ఏ కాగితం ఒక్క రోజుదో, ఏది ఏడాదిదో, ఏ అంకె ఎక్కడ నుంచి ఎక్కడికి నడుస్తుందో చెప్పింది. మారెన్ రెండో వరసలో కూర్చుని పెదాలు కదుపుతూ ఆమెతో పాటే చెప్పుకుంటోంది, పరీక్ష హాల్లో కూతురున్న తల్లిలాగా. ఒక్కచోట కూడా దిద్దాల్సిన అవసరం రాలేదు.

చివరికి బోదిల్ సంచీలోంచి ఇంటి నోటు పుస్తకం తీసింది. ఐనార్ కళ్ళు పెద్దవి చేశాడు. తీసుకొస్తున్నట్టు అతనికి చెప్పలేదు.

“ఇది మా ఇంటిది. మీ అందరి ఇళ్ళల్లోనూ ఉంది, లేదని ఎవరూ అబద్ధమాడకండి. ఇదిగో, ఉన్నవాటిలో రాశాం. డెయిరీలో వాటా మూడు లక్షల తొంభై వేలు, ముసలితనానికి. ఈ తెర మీద కూడా అదే డబ్బు. ఇన్నేళ్ళూ ఒకే ఆవుని రెండు కొట్టాల్లో కట్టేసి రెండు చోట్లా పాలు పితుకుదామనుకున్నాం. ఎవడూ వచ్చి లెక్కపెట్టలేదు కాబట్టి సరిపోయింది.”

ఆమె పెన్ను మూత తీసింది.

“మీ పుస్తకాల్లో ఏం చెయ్యాలో నేను చెప్పను. మీకు రేపు అవసరం రావచ్చు, దానికి ఎనభై లక్షలున్నాయి, వరస ఉంది. నేను పాలు పోస్తున్నంత కాలం ఇది నాకు లేనట్టే.” ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టింది. గీత వంకర పోయింది. “ఐనార్, నిన్ను అడగకుండా చేశాను. ఇంటికెళ్ళాక తిట్టు.”

“ఇప్పుడే తిడతా” అన్నాడు ఐనార్ లేచి. “మంచి పెన్ను పాడు చేశావు.”

ఓటింగు బూడిదరంగు చీటీల మీద జరిగింది. పది ఆవులున్నవాడికైనా మూడు వందలున్నవాడికైనా ఒకే చీటీ. నూట ఇరవై అయిదు కావాలి. ఎన్నికల పెద్ద చీటీలు లెక్కపెడుతున్నంతసేపూ బోదిల్ మూడో వరస వంకే చూసింది. తోర్వల్ కవరు జేబులోంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, పెన్నుతో ఏదో రాస్తున్నాడు.

ఒప్పుకున్నవాళ్ళు నూట యాభై ఒకరు, కాదన్నవాళ్ళు ముప్పై ఆరుగురు.

చప్పట్లు మొదలయ్యాయి, ఎవరో కాఫీ తలుపులు తెరిచారు. అంత సందట్లో తోర్వల్ కర్ర ఊతంతో బల్ల దగ్గరికి వచ్చి కవరు ఆమె చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు తీసుకో.”

ఆమె విప్పి చూసింది. పైన తేదీ ఫిబ్రవరి ఇరవై అని ఉంది. దాని మీద గీత కొట్టి, పక్కన ఇప్పుడే ఆరిన సిరాతో ‘మార్చి పద్నాలుగు, ఓటు తర్వాత’ అని రాసి ఉంది.

“బావగారూ, దీన్ని తలుపు దగ్గరే ఇచ్చి ఉంటే పాత నిబంధనే వర్తించేది. మీ డబ్బుకి ఢోకా ఉండేది కాదు.”

“తెలుసు. ఆ నిబంధన రాసింది నేనే కదా.” ఆయన చూపు తెర మీది కాగితం వైపు పోయింది. “కొత్త నిబంధన నిలబడుతుందో లేదో ఎవడో ఒకడు ముందు నిలబడి చూడాలి. నేనైతే అందరికీ కనపడతాను.”

బోదిల్ కళ్ళు నిండాయి. దాచుకోలేదు. ముక్కు చీది, పక్కనే ఉన్న మారెన్‌కి ఉత్తరం అందించింది.

“ఇది ఎక్కడ రాయాలో చెబుతాను చూడు. ఆరు నెలల్లో ఇవ్వాలి. కాబట్టి ఏడాది లోపు చెల్లించాల్సినవాటిలో. పాల సీసాల కంపెనీ బాకీ పక్కన.”

“సరిగ్గా అక్కడేనండీ” అంది మారెన్.

“సీసాల పక్కనా?” అన్నాడు తోర్వల్. “నలభై నాలుగేళ్ళు పాలు పోశానే!”

“ఆరు నెలలే బావగారూ. తర్వాత ఎక్కడా ఉండరు.”

తోర్వల్ పకపకా నవ్వాడు. నవ్వితే తుంటి లాగుతుంది కాబట్టి బల్ల పట్టుకున్నాడు. తర్వాత తన నోటు పుస్తకం తీసి అదే పేజీ తెరిచాడు. డెయిరీలో వాటా, నాలుగు లక్షల పన్నెండు వేలు. మెట్లు లేని ఇల్లు.

“ఇది కొట్టెయ్యాలా, ఉంచాలా?”

“ఉంచండి” అంది బోదిల్. “ఇప్పుడది మీ ఒక్కరిదే.”

ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఐనార్ మూడు కప్పుల కాఫీ, కేకు ముక్కలు పట్టుకుని జనంలోంచి వస్తున్నాడు. బోదిల్ లెక్కల పుస్తకం మూసి, మొదటి పేజీ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, తన కప్పు అందుకుంది.